డిఫ్‌కు దక్కని పీట

వెర్షన్ కంట్రోల్ చరిత్రను మనవాళ్లూ పైవాళ్లూ ఒక వంశావళిలా రాస్తుంటారు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ మొదలుపెట్టిన ఎస్‌సీసీఎస్, 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ చేసిన ఆర్‌సీఎస్, ఆపైన సీవీఎస్, సబ్‌వర్షన్, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్. ఇదంతా పాత ప్రతులను ఎలా దాచాలన్న కథ. ఆ ప్రతుల మధ్య తేడా చూపే డిఫ్‌కు ఈ వరసలో పీట వేసేవాళ్లు తక్కువ. అసలు మలుపు అక్కడే ఉందని నా అభిప్రాయం.

1974లో యూనిక్స్ ఐదో ఎడిషన్‌తో డిఫ్ వచ్చింది. దాని పద్ధతిని జేమ్స్ హంట్, డగ్లస్ మెకిల్‌రాయ్ 1976లో నివేదికగా రాశారు. రెండు ఫైళ్లలోనూ ఒకే వరసలో కనబడే పంక్తుల్లో అతి పొడవైన క్రమాన్ని పట్టుకుంటే, మిగిలిందే తేడా. ఎస్‌సీసీఎస్ కూడా తేడాలనే దాచేది కదా అనవచ్చు. నిజమే. కానీ అక్కడ తేడా ప్రధానంగా చోటు ఆదా చేసే ఉపాయం. డిఫ్‌తో అది మనుషులు చదివి, ఒకరికొకరు పంపుకునే వస్తువైంది.

అయితే తొలి డిఫ్ పంక్తి సంఖ్యలను నమ్ముకుంది. అందుకునేవారి ప్రతిలో పైన రెండు పంక్తులు పెరిగి ఉంటే మార్పులు తప్పుచోట పడేవి. 1980ల ఆరంభంలో బర్క్‌లీ యూనిక్స్‌లో చుట్టుపక్కల పంక్తులనూ చూపే డిఫ్ వచ్చింది. 1985లో ల్యారీ వాల్ ప్యాచ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. సంఖ్య తప్పినా, చుట్టూ ఉన్న పంక్తుల ఆనవాలు పట్టి మార్పును దాని చోట అతికించడం ప్యాచ్ గొప్పదనం. తీసేసిన పంక్తికి మైనస్, చేర్చినదానికి ప్లస్ పెట్టి రెండింటినీ కలిపి చూపే రూపాన్ని 1990లో వేన్ డేవిసన్ తెచ్చాడు. గిట్ నేటికీ చూపేది ఆ రూపమే.

1991లో పుట్టిన లైనక్స్‌కు 2002లో బిట్‌కీపర్ వచ్చేదాకా టోర్వాల్డ్స్ ఏ వెర్షన్ కంట్రోలూ వాడలేదు. దేశదేశాల నుంచి ఈమెయిల్లో వచ్చే ప్యాచ్‌లను, అంటే డిఫ్‌లను, చదివి కలుపుకున్నాడు. ఎవరి చోట వాళ్లుండి కలిసి పనిచేయడం గిట్‌తోనే మొదలైందనే మాట అందుకే నాకు మింగుడుపడదు. పని పెరిగేకొద్దీ ఆ పద్ధతి చాలలేదన్నదీ ఒప్పుకోవాలి. చాలి ఉంటే బిట్‌కీపర్ జోలికి పోయే పనే ఉండేది కాదు.

ఇక నేటి సంగతి. గిట్ ప్రతి కమిట్‌లో ఫైళ్ల పూర్తి స్థితిని గుర్తుంచుకుని, అడిగినప్పుడే పోల్చి చూపుతుంది. యూజీన్ మయర్స్ 1986లో ప్రచురించిన అల్గారిథమ్ అందుకు ఆధారం. అది వెతికేది అతి తక్కువ మార్పులను. రాసినవారు చేసినవి అవే కానక్కర్లేదు. ఒక పేరాను కిందికి జరిపితే మామూలుగా ఒకచోట తొలగింపు, మరోచోట చేర్పు కనిపిస్తాయి. సమీక్షలో ఆ ఎరుపు, ఆకుపచ్చ పంక్తులు తప్ప మరేదీ చదవకుండా ఆమోదించేయడం మంచి అలవాటు కాదు.

తెలుగు వచనానికైతే పంక్తి కొలత మరీ పొసగదు. పేరా అంతా ఒకే పంక్తిగా ఉన్న ఫైల్లో ఒక దీర్ఘం సరిచేస్తే పేరా మొత్తం మారినట్టు చూపుతుంది. మాటల వారీగా పోల్చే వర్డ్ డిఫ్ కొంత ఆదుకుంటుంది. అదీ మామూలుగా ఖాళీల దగ్గరే విడగొడుతుంది కనుక, ప్రత్యయాలు అతుక్కుపోయే మన భాషలో చివరి గుణింతం మారినా మాటంతా మారినట్టే లెక్క. ప్రోగ్రాముల కోసం 1970ల్లో ఎంచుకున్న కొలతను అన్ని రాతలకూ అంటగట్టి ఊరుకోవడం ఈ రంగం ఇంకా దిద్దుకోని లోపం.