పాడి పశువుల మీథేన్: తగ్గింపు మార్గం మేతలోనే

కోల్‌కతా: పాడి పశువు తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం వరకు పాలుగానో కండగానో మారకుండా మీథేన్ వాయువుగా గాలిలో కలిసిపోతుంది. వాతావరణాన్ని వేడెక్కించే ఈ వాయువు, మేత సమకూర్చిన రైతుకూ నష్టమే. అందువల్ల దీని తగ్గింపు పర్యావరణానికే కాక పాడి ఆదాయానికీ సంబంధించిన అంశం.

ఎలా పుడుతుంది?

నెమరు వేసే పశువుల పొట్టలో నాలుగు అరలుంటాయి. వాటిలో పెద్దదైన రూమెన్‌లో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. అప్పుడు వెలువడే హైడ్రోజన్‌ను ఆర్కియా అనే మరో తరగతి సూక్ష్మజీవులు కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మారుస్తాయి. అది ప్రధానంగా త్రేన్పుల ద్వారా బయటకు వస్తుంది. పాలిచ్చే ఆవు లేదా గేదె రోజుకు సగటున 200 లీటర్ల మీథేన్ విడుదల చేస్తుందని బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ అంచనా.

ఎందుకు ముఖ్యం?

మీథేన్ వాతావరణంలో సుమారు 12 ఏళ్లే నిలుస్తుంది. కానీ 20 ఏళ్ల వ్యవధిలో చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు అధికంగా వేడిని పట్టి ఉంచుతుంది. 2030 నాటికి ప్రపంచ మీథేన్ ఉద్గారాలను 2020 స్థాయి కంటే 30 శాతం తగ్గించాలన్న ప్రతిజ్ఞ 2021లో గ్లాస్గో సదస్సులో వెలువడింది. భారత్ అందులో చేరలేదు. పశుపోషణ, వరి సాగు చిన్న, సన్నకారు రైతుల జీవనాధారమన్నది ప్రభుత్వ వాదన. 2019 పశుగణన ప్రకారం దేశంలో 19 కోట్లకు పైగా ఆవులు, ఎద్దులు, దాదాపు 11 కోట్ల గేదెలు ఉన్నాయి.

కోల్‌కతా అనుభవం

నగరం నడుమ ఉండే పశువుల పాకలను ఇక్కడ ‘ఖటాల్’ అంటారు. పేడ, మురుగు సమస్యల వల్ల వాటిని నగరం వెలుపలికి తరలించే ప్రయత్నాలు దశాబ్దాలుగా సాగాయి. స్వాతంత్ర్యానంతరం నదియా జిల్లా హరింఘాటాలో ప్రభుత్వం పెద్ద పాడి క్షేత్రాన్ని నెలకొల్పింది. తరలింపుతో నగర పారిశుద్ధ్యం మెరుగుపడవచ్చు గానీ మీథేన్ తగ్గదు. పశువు ఎక్కడ ఉన్నా, ఏమి తింటుందన్నదే ఆ వాయువు పరిమాణాన్ని నిర్ణయిస్తుంది.

మేతలో మార్పు

బెంగాల్‌లోనూ తెలుగు రాష్ట్రాల డెల్టా జిల్లాల్లోనూ పశువులకు ప్రధాన మేత వరిగడ్డి. అందులో పీచు ఎక్కువ, పోషకాలు తక్కువ. జీర్ణం కావడానికి ఎక్కువ సమయం పడుతుంది, లీటరు పాలకు వెలువడే మీథేన్ పెరుగుతుంది. పచ్చిమేత, దాణా, ఖనిజ లవణ మిశ్రమాన్ని తగిన పాళ్లలో చేర్చితే ఈ పరిమాణం తగ్గుతుంది. జాతీయ పాడి అభివృద్ధి మండలి చేపట్టిన సమతుల మేత కార్యక్రమంలో కిలో పాలకు మీథేన్ పది శాతానికి పైగా తగ్గినట్లు తేలింది.

బెంగళూరు సంస్థ టానిన్లు అధికంగా ఉన్న మొక్కలతో ‘హరిత్ ధార’ అనే మేత మిశ్రమాన్ని రూపొందించింది. ఇది మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని ఆ సంస్థ చెబుతోంది. రూమెన్ ఇంకా పూర్తిగా ఎదగని లేగదూడలకు దీన్ని పెట్టరాదు.

విదేశాల్లో ‘బోవేర్’ అనే సంకలితం వాడుకలోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2022లో, అమెరికా 2024లో దీనికి అనుమతినిచ్చాయి. పాడి ఆవుల్లో ఇది మీథేన్‌ను సుమారు 30 శాతం తగ్గిస్తుంది. అయితే రోజూ మేతలో కలిసి అందుతుంటేనే దీని ఫలితం దక్కుతుంది. అందువల్ల కొట్టంలోనే మేపే పెద్ద క్షేత్రాలకు ఇది అనువు. బయట మేసివచ్చే పశువులకు అందించడం కష్టం.

పేడ సంగతి

పేడను నీటితో కలిపి గుంతల్లో నిల్వ చేస్తే, గాలి ఆడక మీథేన్ పుడుతుంది. అదే పేడను గోబర్ గ్యాస్ ప్లాంటుకు మళ్లిస్తే ఆ వాయువు వంట ఇంధనమవుతుంది, మిగిలిన ముద్ద ఎరువవుతుంది. గ్యాస్ లీకు కాకుండా చూసుకోవడం అవసరం.

ఒక మెలిక

లీటరు పాలకు మీథేన్ తగ్గినంత మాత్రాన దేశం మొత్తం ఉద్గారాలు తగ్గవు. పాల దిగుబడి పెరిగినా పశువుల సంఖ్య అలాగే ఉంటే ఆ ప్రయోజనం కరిగిపోతుంది. ఒకటి రెండు పశువులున్న రైతు వాతావరణం కోసమే మేత ఖర్చు పెంచుకోలేడు. పాలు పెరిగి ఆదాయం కనిపించినప్పుడే కొత్త మేత పద్ధతి అతని కొట్టంలో నిలుస్తుంది.