మార్కుల షీటు బయటికొచ్చాక

రీసెర్చ్ గ్రాంట్లు న్యాయంగా ఇస్తున్నారా లేదా అని చెక్ చేసే కన్సల్టెంట్ జాబ్‌కి అప్లై చేస్తున్నారా? అయితే ఈ కథ తెలిసుండాలి.

1995లో స్వీడన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఫెలోషిప్‌లకి 62 మంది మగవాళ్లు, 52 మంది ఆడవాళ్లు అప్లై చేశారు. వచ్చింది 20 మందికి. అందులో ఆడవాళ్లు నలుగురే!

తేడా ప్రతిభలోనేనా? క్రిస్టీన్ వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డ్ అనే ఇద్దరు సైంటిస్టులు మార్కులు చూపించమన్నారు. కౌన్సిల్ కుదరదంది. అవి పబ్లిక్ డాక్యుమెంట్లేనని కోర్టు తేల్చింది. మనకు ఆర్‌టీఐ 2005లో వచ్చింది. స్వీడన్ అలాంటి చట్టం 1766లోనే చేసింది మరి.

వాళ్ల లెక్క 1997లో 'నేచర్' పత్రికలో వచ్చింది. సామర్థ్యానికి మగవాళ్లతో సమానంగా మార్కు పడాలంటే ఆడవాళ్లు రెండున్నర రెట్లు ఎక్కువ రీసెర్చ్ చూపించాలి! ఇంకోటి, కమిటీలో తెలిసినవాళ్లుంటే మార్కులు పెరిగాయి. ఆ తెలిసినవాళ్లు మార్కులు వేయకుండా పక్కకి తప్పుకున్నా సరే, పెరిగాయి.

అంటే "మనవాళ్లకి మనం మార్కులేయకూడదు" అనే రూల్ ఒక్కటే సరిపోలేదన్నమాట. మార్కుల షీటు బయటివాళ్లు చూడగలగాలి. ఇంటర్వ్యూలో మీరు ముందు అడగాల్సింది కూడా అదే: "ఆ షీటు నాకు చూపిస్తారా?"