కప్పుకెక్కక ముందు

సినిమా బ్యానర్లు గీసిన చెయ్యి నాది. అరచేతిలో పట్టే స్టిల్లు మీద గళ్ళు కొట్టి, అవే గళ్ళు గుడ్డ మీద పెద్దవి చేసి హీరో ముక్కు దించేవాణ్ణి. అందుకే ఫ్రెంచ్ చిత్రకారుడు దెలక్రువా చిత్తు చిత్రాలంటే నాకు అంత ఇష్టం. వాటిలో ఒకదాని కథ ఇది.

పారిస్ లూవ్ర్ ప్యాలెస్‌లోని అపోలో గ్యాలరీ 1661లో తగలబడింది. చిత్రకారుడు చార్లెస్ లె బ్రన్ దాన్ని మళ్ళీ అలంకరించడం మొదలుపెట్టాడు గానీ, ఫ్రాన్స్ రాజుగారి మనసు వెర్సాయ్ ప్యాలెస్ మీదికి పోయింది. కప్పు నడిమి భాగం దాదాపు రెండు వందల ఏళ్ళు బోసిగానే ఉంది. 1850లో అక్కడ బొమ్మ వేసే పని దెలక్రువాకి అప్పజెప్పారు. ఆ వేసవిలోనే ఆయన బెల్జియం వెళ్ళి పాత తరం చిత్రకారుడు రూబెన్స్ చిత్రాలు చూసొచ్చాడు.

ఆ కప్పు కోసం ఆయన వేసిన తైలవర్ణపు చిత్తుల్లో ఒకటి ఇప్పుడు బ్రస్సెల్స్‌లో ఉంది. పైన రథమెక్కిన గ్రీకు దేవుడు అపోలో, చుట్టూ పసుపు వెలుగు. కింద బురదనీళ్ళలో మెలికలు తిరిగే పైథాన్ అనే మహాసర్పం. ముఖాలకి కళ్ళూ ముక్కూ సరిగా లేవు, రంగు ముద్దలే. వెలుగు ఎక్కడ ఆగాలి, చీకటి ఎక్కడ మొదలవ్వాలి అన్నదే ఆయన బెంగ. గోళ్ళూ వేళ్ళూ తర్వాత చూసుకోవచ్చు.

అసలు బొమ్మ 8 మీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు. శిష్యుడు పియర్ ఆంద్రియూ సాయపడ్డాడు. 1851లో పూర్తయింది. మహా గొప్పదే, కాదనను. నన్నడిగితే మాత్రం ఆ తడి ఆరనట్టుండే చిత్తే ఇవ్వమంటాను.