ఆదివారపు ఆజ్ఞ ఎవరిని అడుగుతోంది? ఒంగోలు నుంచి ఎల్బీ నగర్ దాకా ధర్మశాస్త్రమూ సువార్తా

ధర్మశాస్త్రం మనిషి పాపాన్ని అతని ముందు నిలబెడుతుంది. సువార్త క్రీస్తులో క్షమాపణను ఉచితంగా ఇస్తుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేయకూడదని లూథరన్లు 1577 నాటి తమ విశ్వాస ప్రకటనలో ఒక అధ్యాయమే రాశారు. క్షమాపణ పొందినవాడికి ఇక ధర్మశాస్త్రంతో పనేమిటన్న ప్రశ్నకు ఆ వెంటనే మరో అధ్యాయం అవసరమైంది. కాల్విన్ అయితే విశ్వాసిని నడిపించడమే ధర్మశాస్త్రపు ముఖ్యమైన పని అన్నాడు. తెలుగు పల్లెల్లో మాత్రం ఈ చర్చ గ్రంథాల్లోంచి కాక, ఆదివారం రూపంలో వచ్చింది.

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, క్రీస్తును నమ్మి వచ్చిన మాదిగల ముందు మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైపైన చూస్తే సువార్తకు ముందు ధర్మశాస్త్రపు షరతు పెట్టినట్టే ఉంటుంది. ఆ పల్లె బతుకులోకి వెళ్లి చూస్తే సంగతి వేరు. రైతు మోటకు తోలు కావాలన్నా, చెప్పులు కావాలన్నా, ఊరి పని ఏది పడినా కబురు మాదిగ వాడకే వచ్చేది. ఏ రోజైనా వెళ్లాల్సిందే. అలాంటి మనిషి ‘ఇవాళ రాను’ అనడాన్ని ఊరి పెద్దలు భక్తిగా చూడలేదు. ధిక్కారంగా చూసి కక్ష కట్టారు. తన రోజుల్లో ఒకటి తనది కాదు, దేవుడిదని చెప్పగలిగిన మాదిగ ఊరి పెద్ద సొత్తు కాకుండా పోయాడు. నియమం మాటలో ఆజ్ఞ, ఫలితంలో విడుదల.

ఇది బైబిలు వరుసే. పది ఆజ్ఞలు ఐగుప్తు దాస్యం నుంచి బయటికి తెచ్చిన దేవుని పరిచయంతోనే మొదలవుతాయి. ద్వితీయోపదేశకాండము అయిదో అధ్యాయం విశ్రాంతి దినానికి చెప్పే కారణం కూడా అదే: నీ దాసుడు, దాసి నీలాగే విశ్రమించాలి, నువ్వూ ఒకప్పుడు దాసుడివే. ముందు విమోచన, ఆ తర్వాత ఆజ్ఞ. క్లౌకి ఈ వరుస తెలుసనడానికి 1876–78 కరువే సాక్ష్యం. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించిన ఆయన, కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సువార్త కూలిడబ్బులతో ముడిపడకూడదన్నదే కారణం. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇవాళ విజయవాడ రహదారి హైదరాబాద్‌లో అడుగుపెట్టే ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో గుంటూరు లూథరన్, ఒంగోలు బాప్టిస్టు, సీఎస్ఐ కుటుంబాలు ఇరుగుపొరుగున ఉంటాయి. విశ్రాంతి దినపు ఆజ్ఞ లూథరన్ల లెక్కలో మూడోది, మిగతావారి లెక్కలో నాలుగోది. ఎవరి లెక్క ఏదైనా ఈ రోడ్డు మీద ఆదివారం బేరాల రోజు. బట్టల షాపులో సేల్స్ అమ్మాయికి ఆ రోజు తప్ప ఏ రోజు అడిగినా సెలవు దొరకొచ్చు. కోచింగ్ సెంటర్ పిల్లలకు టెస్టు కూడా తరచూ ఆ రోజే. ఒంగోలు నియమాన్ని ఉన్నది ఉన్నట్టు ప్రసంగ పీఠం మీంచి ఈ అమ్మాయికి వినిపిస్తే, అక్కడ కట్లు తెంచిన మాటే ఇక్కడ కట్టిపడేస్తుంది. తన చేతిలో లేని దానికి దోషిగా ఇంటికి వెళ్తుంది. ‘మందిరానికి వస్తే దీవెన, మానితే నష్టం’ అని జోడించడం మరీ అన్యాయం. అందులో ధర్మశాస్త్రం హాజరు పట్టీకి కుదించుకుపోతుంది, సువార్త ఆ హాజరుకు జీతమవుతుంది. రెండూ చెడతాయి.

లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ఈ ఆజ్ఞ వివరణ పని మానడం గురించి అసలు మాట్లాడదు. దేవుని వాక్యాన్ని తృణీకరించకుండా సంతోషంగా వినమంటుంది. పెద్ద ప్రశ్నోత్తరిలో మాత్రం వారమంతా శ్రమించిన పనివాళ్లకు, దాసీలకు ఒంటికి విశ్రాంతి కావాలని గుర్తుచేస్తాడు. అంటే ఆజ్ఞ ముందుగా నిలదీసేది సెలవు అడిగేవాళ్లను కాదు, ఇవ్వగలిగినవాళ్లను. తెలంగాణలో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వారానికో రోజు సెలవు ఇవ్వాలంటుంది. చెడును అదుపులో పెట్టే ధర్మశాస్త్రపు మొదటి ప్రయోజనం అక్కడ కనిపిస్తుంది. విశ్వాసి అయిన యజమానిని ఆజ్ఞ అంతకన్నా లోతుగా తాకాలి: ఒక పూట గల్లా తగ్గుతుందని భయపడే మనసు దేన్ని నమ్ముకుందో అతనికి చూపాలి. అలా దొరికిపోయినవాడికే క్షమాపణ శుభవార్త. ఆ క్షమాపణ విన్నవాడు సెలవిచ్చినప్పుడు, ధర్మశాస్త్రం అతనికి శిక్షగా కాక దారిగా అందుతుంది.

సేల్స్ అమ్మాయికి ముందు చెప్పాల్సింది క్రీస్తు ఆమెను హాజరుతో కొలవడని. తెల్లవారుజామునో, ఆమె సెలవు రోజు సాయంత్రమో ప్రభువు బల్ల సిద్ధం చేసే సంఘం ఆజ్ఞను సడలించడం లేదు. దాని ఉద్దేశాన్నే నెరవేరుస్తోంది. ఇంటిల్లిపాదీ ఆరాధనలో ఉన్న వేళ, వాళ్ల ఆదివారపు మధ్యాహ్న భోజనం వండుతూ అదే వీధి అపార్టుమెంట్లో నిలబడి ఉన్న పనిమనిషి సంగతి ఆ ఇంటివాళ్లనే అడగాలి.