రిజిస్టరులో లేని గడి

ప్రత్యేక సంచికకు సర్వీసు నాటి జ్ఞాపకం ఒకటి రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. నేను రాస్తున్నది జ్ఞాపకమే కాదు, ఒక బాకీ కూడా.

2003లో వరంగల్లులో నేను గుమాస్తాగా ఉన్న సెక్షనుకు ఒక తల్లి ఐదేళ్ల పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. పిలిస్తే పలకడు, తిరిగే ఫ్యాను వంకే చూస్తున్నాడు. డాక్టరు చీటీలో 'ఆటిజం' అని ఉంది. ఆమెకు వికలాంగ ధ్రువపత్రం కావాలి. 1995 చట్టం ప్రకారం మా రిజిస్టరులో ఏడే గడులు: అంధత్వం, మందదృష్టి, కుష్ఠు నయమైనవారు, వినికిడి లోపం, కదలిక లోపం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి. "మీవాడిది ఇందులో లేదమ్మా" అని పంపేశాను. రూలు ప్రకారం తప్పు కాదు. కాని ఆటిజాన్ని పేరుపెట్టి చెప్పిన నేషనల్ ట్రస్టు చట్టం 1999లోనే వచ్చిందని నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

2017లో మా మనవడికి మూడో ఏట అదే మాట డాక్టరు చెప్పినప్పుడు ఆ తల్లి గుర్తుకొచ్చింది.

ఆటిజానికి మందుబిళ్ల లేదు. చూపు కలపడం, అడగడం, తన పని తాను చేసుకోవడం చిన్న చిన్న మెట్లుగా రోజూ నేర్పాలి. దీన్నే ప్రవర్తనా చికిత్స అంటారు. అమెరికాలో లోవాస్ అనే ఆచార్యుడు 1987లో ప్రకటించిన అధ్యయనంలో వారానికి సుమారు 40 గంటల శిక్షణ ఇచ్చారు. అన్ని గంటల ఫీజు ఎవరు భరించాలి? బీమా అంటే ఆసుపత్రి మంచం, ఆపరేషను, డిశ్చార్జి. ఏళ్ల తరబడి సాగే నేర్పుడు ఆ లెక్కలో ఇమడదు. మా పాలసీవారు కూడా 'ఆసుపత్రిలో చేరలేదు' అని బిల్లు తిప్పి పంపారు. అమెరికాలోనూ తల్లిదండ్రులు పోరాడితే 2001లో ఇండియానా రాష్ట్రం మొదటి చట్టం చేసింది. 50 రాష్ట్రాలకూ అది చేరేసరికి 2019 అయింది.

మన దేశంలో దారి వేరుగా పడింది. నేషనల్ ట్రస్టు 2008లో 'నిరామయ' ఆరోగ్య బీమా తెచ్చింది. ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ, వైద్య పరీక్ష లేకుండా చేరిక, ఆసుపత్రిలో చేరకపోయినా థెరపీకి కొంత సొమ్ము. అయితే థెరపీకి విడిగా పరిమితి ఉంది. ముందు మనం ఖర్చు పెట్టి, ఒరిజినల్ బిల్లులు పంపాలి.

దీనికీ ధ్రువపత్రమే తాళంచెవి. ఆటిజాన్ని కొలిచే 40 అంశాల భారతీయ కొలబద్దను తయారుచేసింది మన సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థే. ధ్రువపత్రానికి ఆ కొలబద్దను వాడాలని కేంద్రం 2016 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన కొత్త చట్టంలో ఏడు గడులు 21 అయ్యాయి. అందులో ఆటిజం ఉంది. అలా మా మనవడికి కాగితం వచ్చింది, నిరామయలో చేరాడు. వచ్చే సొమ్ము ఫీజుకు చాలదు, మిగతాది నా పింఛనులోంచి పోతుంది. అయినా ఇప్పుడు చెయ్యి కడుక్కొని వచ్చి "తాతా, అన్నం" అంటాడు.

మిత్రులకు నా మనవి. మీ ఇంట, మీ వాడకట్టులో ఇలాంటి బిడ్డ ఉంటే ముందు ధ్రువపత్రం తీయించండి, నిరామయను ఏటా రెన్యువల్ చేయించండి. మన కొడుకు, కూతురే అలాంటివారైతే సంపాదించుకోలేని స్థితిలో వారికి జీవితాంతం ఫ్యామిలీ పింఛను హక్కుంది. పేరు ఇప్పుడే సర్వీసు కాగితాల్లో ఎక్కించండి. పద్దెనిమిదేళ్లు దాటినవారికి సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీ కలెక్టరుగారి అధ్యక్షతన ఉంటుంది. మనం పోయాక ఎవరు చూస్తారనే దిగులుకు ఆ కాగితం కొంత జవాబు.

ఆ తల్లి ఎక్కడుందో నాకు తెలియదు. ఆ బిడ్డకు ఇప్పుడు పాతికేళ్లు దాటి ఉంటాయి. ఆనాడు చెప్పలేనిది ఈనాడు మీకు చెప్పాను.