పాఠాన్ని ముక్కలుగా పంచితే: జిగ్‌సా పద్ధతి

రకరకాల ఇళ్ల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెడితే చిన్నచూపు దానంతట అదే పోతుందని మనం అనుకుంటాం. పోదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరంలో 1971లో జరిగింది ఇదే. విడివిడిగా చదువుకున్న తెల్లజాతి, నల్లజాతి, మెక్సికన్ కుటుంబాల పిల్లల్ని ఒకే బడుల్లోకి తెచ్చారు. కొద్ది వారాలకే కొట్లాటలు. అప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ అరన్సన్‌ను పిలిపించారు.

ఆయన బృందం తరగతుల్లో కూర్చుని చూసింది. టీచరు ప్రశ్న అడగ్గానే చేతులు లేస్తాయి. ఒకరికి అవకాశం దొరికితే మిగతావాళ్లకి నిరాశ, వాడు తప్పు చెబితే సంతోషం!

అందుకే పద్ధతి మార్చారు. ఐదారుగురు ఒక జట్టు. పాఠాన్ని అన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు. ఒకే ముక్క వచ్చినవాళ్లు అన్ని జట్ల నుంచీ ఒకచోట చేరి దాన్ని చదువుకుంటారు, తర్వాత సొంత జట్టుకి వచ్చి నేర్పుతారు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద, ఎవరిది వాళ్లే రాయాలి.

అరన్సన్ రాసిన ఒక పిల్లవాడి సంగతి మీకు బాగా తెలిసినట్టే ఉంటుంది. ఇంట్లో వాడిది స్పానిష్. ఇంగ్లీషులో తడబడితే జట్టువాళ్లు నవ్వారు. వాడి ముక్క వాడి దగ్గర తప్ప ఎక్కడా దొరకదని, పరీక్షలో అదీ వస్తుందని పెద్దలు గుర్తుచేశారు. అప్పటినుంచి నెమ్మదిగా, ఓపిగ్గా అడగడం నేర్చుకున్నారు. వాడికి తెలివి లేక కాదు, భాష అడ్డొచ్చిందని వాళ్లకే తెలిసింది. ఈ పద్ధతిలో చదివినవాళ్లలో ఒకరిపై ఒకరికి ఇష్టం పెరిగింది. వెనకబడ్డ పిల్లల మార్కులు మెరుగుపడ్డాయి, ముందున్నవాళ్ల మార్కులేమీ తగ్గలేదు.

మన బడుల్లోనూ తమిళ యాస తెలుగుకి ఒక నవ్వు, కన్నడం కలిసిన తెలుగుకి ఇంకో నవ్వు ఉన్నాయి కదా. శ్రీకృష్ణదేవరాయల పాఠాన్నే ఇలా పంచి చూడండి. రాజధాని హంపి కన్నడ నేల మీద ఉంది. ఆయన ‘ఆముక్తమాల్యద’ రాసింది తెలుగులో. అందులో కథ తమిళనాట శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవిది. ఏ ఇంటి పిల్లకైనా చెప్పడానికి ఒక ముక్క ఉంటుంది.

జట్లు టీచరే వెయ్యాలి. పిల్లలకి వదిలేస్తే స్నేహితులే ఒకచోట చేరిపోతారు. ఒక్కరోజు చేసి ఫలితం చూడకండి, కొన్ని వారాలు పడుతుంది. ఎవరైనా ఆ రోజు బడికి రాకపోతే ఇబ్బందే గనక, ముఖ్యమైన ముక్కని ఇద్దరికి ఇచ్చి పెట్టుకోండి.