పీచ్ వేరుమూలములు: లేతకొమ్మలతో ప్రవర్ధనము

అమెరికా ఆగ్నేయ రాష్ట్రములగు జార్జియా, దక్షిణ కరొలైనాలలో పీచ్ తోటలను రెండు వ్యాధులు చిరకాలముగా పీడించుచున్నవి: వలయ నులిపురుగు, శీతాఘాతము, బాక్టీరియా పుండుతెగులు కలిసి లేతప్రాయపు చెట్లను వసంతాగమవేళ హఠాత్తుగా కూల్చు అల్పాయుర్వ్యాధి మొదటిది, ఆర్మిల్లేరియా శిలీంధ్రము వలని వేరుకుళ్లు రెండవది. 1993లో విడుదలయై, విత్తనముచేతనే వృద్ధిచెందు గార్డియన్ అను వేరుమూలము (పైయంటుకు ఆధారమగు క్రిందిమొక్క) మొదటిదానిని సహించును గాని వేరుకుళ్లును నిలువరింపజాలదు. ఉభయమును సహించు ఎం.పి.-29 అను వేరుమూలము ప్లమ్, పీచ్‌ల సంకరము. సంకరముల గుణములు విత్తనముద్వారా యథాతథముగా సంక్రమింపవు కావున దీనికి కొమ్మయే శరణ్యము.

గ్రీష్మారంభమున, ఆ ఏటి చిగురుకొమ్మలు వంచినంతనే పుటుక్కున విరుగు దశలో, ప్రాతఃకాలమున కోసి, సుమారు 15 సెంటీమీటర్ల ముక్కలుగా చేసి, క్రిందియాకులు తొలగించి, మొదళ్లను ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్ల ద్రావణమున కొద్ది సెకనులు ముంచి, పెర్లైట్ వంటి గుల్లయైన మాధ్యమమున నాటి, ఆకులు వాడకుండ విడతలు విడతలుగా తుంపరజల్లు కల్పింతురు. ఇందు నేర్పంతయు నీటి మితమునందే యున్నది: తడి యధికమైనచో పీచ్ జాతికి ఆకులు రాలును, మొదలు కుళ్లును. వేరూనిన పిదప తుంపరను క్రమక్రమముగా తగ్గింపవలెను. తొందరపడి కదల్చిన మొక్కలు, వేళ్లున్నను, తొలి శీతకాలమును దాటుట దుర్లభము. తల్లిచెట్లు వైరస్ రహితములని ముందుగానే పరీక్షింపవలెను. కొమ్మతోపాటు రోగము కూడ సంక్రమించును గదా.